మిద్దె మీద గొడుగు, ఇంట్లో పెట్టె

రాత్రి 8 గంటలు. పొదుపు సంఘం మీటింగు. 12 మంది సభ్యులూ వచ్చారు. పద్దుల పుస్తకం ఇంకా తెరవనే లేదు. అప్పుడే గొడవ మొదలైంది.

గొడవ టీవీ పెట్టె గురించి.

అవి నాట్ల రోజులు. టీవీలో రోజూ మధ్యాహ్నం పాడి పశువుల పెంపకం గురించి చెప్పేవారు. సంఘం వాళ్ళు గేదెలు కొనడానికి బ్యాంకు అప్పు తీసుకోబోతున్నారు. ఆ సంగతులు వాళ్ళకు అవసరం. కానీ మధ్యాహ్నం అందరూ మడిలో ఉంటారు. రాత్రయితే టీవీ మగవాళ్ళ చేతిలో ఉంటుంది. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే టీవీ వాళ్ళది.

అందుకని తలా 300 రూపాయలు వేసుకున్నారు. 3,600 రూపాయలు అయింది. రికార్డు చేసే పెట్టె కొన్నారు. లీడరు ఇంట్లో పెట్టారు. మధ్యాహ్నం వచ్చిన కార్యక్రమాన్ని పెట్టె తనలో దాచేది. మీటింగు అయ్యాక అందరూ కూర్చుని చూసేవాళ్ళు. అలా 20 భాగాలు దాచుకున్నారు.

ఒక నెల డబ్బు కట్టడం ఆలస్యమైంది. టీవీ ఆగిపోయింది. దాచుకున్న 20 భాగాలు కూడా ఆగిపోయాయి.

"కొత్తవి రాకపోతే పోనీ. మనం దాచుకున్నవి ఎందుకు రావు? ఒకసారి రికార్డు చేస్తే అది మీదే అన్నాడు గదక్కా అంగడాయన!" అంది ఒకామె.

"అన్నాడమ్మా. నేనూ విన్నాను" అంది లీడరు.

మరి పొరపాటు ఎక్కడ జరిగింది? అది తెలియాలంటే పెట్టె సంగతి తెలియాలి. పెట్టె సంగతి తెలియాలంటే మిద్దె మీద ఉన్న గొడుగు సంగతి తెలియాలి. ముందు అక్కడికే పోదాం.

ఆకాశంలో కదలని చుక్క

మిద్దె మీద పెట్టే గొడుగును డిష్ అంటారు. కొన్ని ఊళ్ళలో ఛత్రి అని కూడా అంటారు. అది ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. ఏమి చూస్తుంది? ఉపగ్రహాన్ని చూస్తుంది.

ఉపగ్రహం మనుషులు తయారు చేసిన యంత్రం. రాకెట్టుతో పైకి పంపుతారు. టీవీ బొమ్మలు పంపే ఉపగ్రహం భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. హైదరాబాదు నుంచి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు. అంత దూరం 130 సార్లు పైన పోతే ఎంతో, అంత ఎత్తు.

భూమి తన చుట్టూ తాను తిరగడానికి ఒక రోజు పడుతుంది. ఆ ఉపగ్రహం కూడా భూమి చుట్టూ సరిగ్గా అంతే కాలంలో తిరుగుతుంది. ఇద్దరు చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప ఆడుతున్నారు అనుకోండి. ఇద్దరూ తిరుగుతూనే ఉంటారు. కానీ ఒకరికి ఒకరు ఎప్పుడూ ఎదురుగానే కనిపిస్తారు. ఇదీ అంతే. అందుకే ఉపగ్రహం మనకు ఒకే చోట నిలబడి ఉన్నట్టు ఉంటుంది. డిష్‌ను ఒకసారి దాని వైపు తిప్పి బిగిస్తే చాలు. రోజూ తిప్పే పని లేదు.

మీ ఊళ్ళో డిష్‌లు ఏ దిక్కుకు చూస్తున్నాయి? ఒకసారి గమనించండి. ఇంచుమించు అన్నీ దక్షిణం వైపో, ఆగ్నేయం వైపో ఉంటాయి. ఈ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉంటాయి. భూమధ్యరేఖ మనకు దక్షిణాన ఉంది. అందుకే ఆ దిక్కు.

మన పల్లెలకు బొమ్మ వచ్చిన తీరు

ఆకాశం నుంచి టీవీ బొమ్మ మన పల్లెలకు రావడం కొత్త సంగతి కాదు. 1975 ఆగస్టు 1న మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. దాని పేరు సైట్. 6 రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో టీవీలు పెట్టారు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఉపగ్రహం అమెరికా వాళ్ళది. కార్యక్రమాలు మనవి. సేద్యం, ఆరోగ్యం, పిల్లల చదువు గురించి చెప్పేవారు. తెలుగులో కూడా చెప్పేవారు. ఊరంతా ఒక్క టీవీ ముందు కూర్చునేది. అప్పటి డిష్ చిన్నది కాదు. ఇనుప జాలీతో చేసిన 10 అడుగుల డిష్. ఏడాది తరువాత, 1976 జూలై 31న ఆ ప్రయోగం ముగిసింది.

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 1990ల్లో కేబుల్ వైర్లు వచ్చాయి. కేబుల్ ఆయన దగ్గర పెద్ద డిష్ ఉండేది. అక్కడి నుంచి ఇంటింటికీ వైరు లాగేవాడు. 2003 తరువాత ఇంటి మీదే చిన్న డిష్ పెట్టుకోవడం మొదలైంది. దీన్ని డీటీహెచ్ అంటారు. అంటే ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటికే అని అర్థం.

గొడుగు ఏం చేస్తుంది?

వానాకాలంలో చూరు నీళ్ళు ఎలా పట్టుకుంటాం? ఇంటి కప్పు మీద అంతటా పడిన చినుకులు చూరు దగ్గరికి జారుతాయి. అక్కడ బిందె పెడతాం. బిందె నిండుతుంది.

డిష్ పని కూడా అదే. ఉపగ్రహం నుంచి వచ్చే అలలు చాలా బలహీనంగా ఉంటాయి. డిష్ వాటిని పట్టి, వంపు మీదుగా ఒకచోటికి మళ్ళిస్తుంది. డిష్ ముందు ఒక కడ్డీ ఉంటుంది. కడ్డీ చివర చిన్న బుడిపె లాంటిది ఉంటుంది. దాని పేరు ఎల్ఎన్‌బీ. అదే మన బిందె. అది అలల్ని పట్టుకుంటుంది. వాటికి బలం పెంచుతుంది. వైరులో పోవడానికి తగినట్టు మారుస్తుంది. వైరు గుండా ఇంట్లోని పెట్టెకు పంపుతుంది.

కాబట్టి డిష్ మీద బట్టలు ఆరేయకూడదు. కడ్డీకి తాడు కట్టకూడదు. డిష్ కొంచెం పక్కకు జరిగినా బొమ్మ పోతుంది. ఎదురుగా వేపచెట్టు గుబురుగా పెరిగినా పోతుంది. డిష్‌కూ ఆకాశానికీ మధ్య ఏదీ అడ్డం ఉండకూడదు.

గట్టి వానలో కూడా బొమ్మ పోతుంది. వాన చినుకులు ఆ అలల్ని పీల్చేస్తాయి. టీవీలో "సిగ్నల్ లేదు" అని వస్తుంది. అప్పుడు ఎవరినీ మిద్దె ఎక్కించకండి. వాన తగ్గితే బొమ్మ దానంతట అదే వస్తుంది. ఉరుములూ మెరుపులూ వచ్చేలా ఉంటే ముందే టీవీ ప్లగ్గు, పెట్టె ప్లగ్గు తీసేయండి. డిష్ వైరు కూడా పెట్టె నుంచి ఊడదీయడం మంచిది. పిడుగులు పడుతున్నప్పుడు మాత్రం వాటిని ముట్టుకోకండి.

చుక్కల ముగ్గు, అంకెల బొమ్మ

డిజిటల్ అనే మాట ఇప్పుడు అందరూ వింటున్నారు. డిజిటల్ అంటే ఏమిటి?

పక్క ఊరి వదిన ఫోన్ చేసింది. "నిన్న మీ వాకిట్లో వేసిన ముగ్గు బాగుంది. ఎలా వేశారు?" అని అడిగింది. మీరు ఏం చెప్తారు? "15 చుక్కలు, 8 వచ్చే వరకు, సందు చుక్కలు" అని చెప్తారు. తరువాత ఏ చుక్కను ఏ చుక్కతో కలపాలో చెప్తారు. మీరు పిండి పంపలేదు. ముగ్గు బొమ్మ పంపలేదు. అంకెలు చెప్పారు. ఆమె అక్కడ అదే ముగ్గు వేసింది.

డిజిటల్ టీవీ ఇలాగే పనిచేస్తుంది. టీవీ బొమ్మ కూడా చుక్కల ముగ్గే. చాలా సన్నని రంగు చుక్కలు లక్షల్లో ఉంటాయి. ఏ చుక్క ఏ రంగో అంకెల్లోకి మారుస్తారు. ఆ అంకెల్ని ఆకాశం నుంచి పంపుతారు. ఇంట్లోని పెట్టె ఆ అంకెల్ని చదివి మళ్ళీ బొమ్మ గీస్తుంది.

ఇందులో ఇంకో తెలివి ఉంది. వార్తలు చదివే ఆమె వెనక గోడ కదలదు. ఆమె పెదవులు కదులుతాయి. మరి గోడను మళ్ళీ మళ్ళీ పంపడం ఎందుకు? మారిన చోటు మాత్రమే పంపుతారు. దీన్ని కుదించడం అంటారు. అందుకే ఒక్క డిష్ లోంచి వందల చానళ్ళు వస్తున్నాయి.

హెచ్‌డీ అంటే చుక్కలు ఎక్కువ ఉన్న బొమ్మ. ఎస్‌డీ అంటే చుక్కలు తక్కువ ఉన్న బొమ్మ. హెచ్‌డీ బొమ్మ నున్నగా, స్పష్టంగా ఉంటుంది. కానీ దాచడానికి ఎక్కువ చోటు కావాలి. చానల్‌కు ఎక్కువ డబ్బు కూడా అడగవచ్చు. టీవీ, పెట్టె రెండూ హెచ్‌డీవి అయితేనే హెచ్‌డీకి పెట్టిన డబ్బు దక్కుతుంది.

పెట్టెలో ఏముంది?

ఈ పెట్టెను సెట్ టాప్ బాక్స్ అంటారు. దానికి మూడు ముఖ్యమైన పనులు ఉన్నాయి.

మొదటి పని: వందల చానళ్ళలో మీరు అడిగిన చానల్‌ను ఏరడం. ఈ పని చేసే భాగం పేరు ట్యూనర్.

రెండో పని: తాళం తీయడం. డబ్బు కట్టే చానళ్ళకు కంపెనీ తాళం వేసి పంపుతుంది. మీ పెట్టెకు ఒక నంబరు ఉంటుంది. కొన్ని పెట్టెల్లో కార్డు కూడా ఉంటుంది. డబ్బు కడితే ఆ నంబరుకు తాళం చెవి పంపుతారు. అది కూడా ఆకాశం నుంచే వస్తుంది.

మూడో పని: అంకెల్ని బొమ్మగా, మాటగా మార్చి టీవీకి ఇవ్వడం.

రికార్డు చేసే పెట్టెలో ఇంకో భాగం ఉంటుంది. దాని పేరు హార్డ్ డిస్క్. అది గాదె లాంటిది. వచ్చిన అంకెల్ని అందులో పోసి దాస్తారు. కొన్ని మామూలు పెట్టెల్లో గాదె ఉండదు. కానీ వెనక చిన్న రంధ్రం ఉంటుంది. అందులో పెన్ డ్రైవ్ పెట్టి దాచుకోవచ్చు.

వెనక 1980ల్లో వీసీఆర్ ఉండేది. అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు చూసేవాళ్ళు. అందులో క్యాసెట్ తిరిగేది. డిస్క్ మీద దాచే పెట్టెలు 1999లో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. 2008లో మన దేశంలో టాటా స్కై ప్లస్ అనే రికార్డు పెట్టె వచ్చింది.

రిమోట్ మీద గుర్తులు

రిమోట్ మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అవి రాకపోయినా భయం లేదు. గుర్తులు చదవండి. గుర్తులు చదవడం కూడా చదువే.

ఎర్రని గుండ్రం: రికార్డు. దాచడం మొదలవుతుంది.

పక్కకు తిరిగిన ఒక త్రికోణం: ప్లే. బొమ్మ నడుస్తుంది.

రెండు నిలువు గీతలు: పాజ్. బొమ్మ కాసేపు ఆగుతుంది.

నలుచదరం: స్టాప్. పూర్తిగా ఆగుతుంది.

కుడికి తిరిగిన రెండు త్రికోణాలు: ముందుకు పోవడం.

ఎడమకు తిరిగిన రెండు త్రికోణాలు: వెనక్కి పోవడం.

పాజ్ గురించి ఒక వింత ఉంది. ఇప్పుడే జరుగుతున్న కార్యక్రమాన్ని లైవ్ అంటారు. మీరు లైవ్ చూస్తున్నారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పాజ్ నొక్కి వెళ్ళారు. వచ్చి ప్లే నొక్కారు. ఆగిన చోటు నుంచే నడుస్తుంది. అక్కడ కార్యక్రమం ఆగిందా? ఆగలేదు. మీరు లేనప్పుడు వచ్చినదాన్ని పెట్టె దాచిపెట్టింది. దీన్ని టైమ్ షిఫ్ట్ అంటారు. అంటే సమయాన్ని మన వీలుకు జరుపుకోవడం.

గైడ్ అనే బటన్ నొక్కితే ఏ చానల్లో ఎన్ని గంటలకు ఏమి వస్తుందో పట్టిక కనిపిస్తుంది. అందులో కావలసినదాన్ని ముందే గుర్తు పెట్టవచ్చు. దీన్ని షెడ్యూల్ అంటారు. రోజూ వచ్చే కార్యక్రమాన్ని ఒక్కసారి గుర్తు పెడితే పెట్టె రోజూ దాస్తుంది. దాన్ని సీరీస్ రికార్డింగ్ అంటారు. పనికి పోయే ఆడవాళ్ళకు బాగా ఉపయోగపడేది ఇదే.

ఒకటి చూస్తూ ఇంకొకటి దాచవచ్చా?

ఇది పెట్టెను బట్టి ఉంటుంది. ఒక్క ట్యూనర్ ఉన్న పెట్టెలో దాచుతున్న చానల్‌నే చూడాలి. ఇంట్లో వాళ్ళు చానల్ మారిస్తే రికార్డు ఆగిపోవచ్చు. రెండు ట్యూనర్లు ఉంటే ఒకటి దాచుతూ ఇంకొకటి చూడవచ్చు. కొన్ని పెట్టెలకు డిష్ నుంచి రెండు వైర్లు లాగాలి. అప్పుడు రెండు వైర్లు పట్టే ఎల్ఎన్‌బీ కావాలి. వాటి ఖర్చు పెట్టె ధరలో కలిసిందా లేదా అడగండి.

ఎంత చోటు? ఎంత కరెంటు?

ఫోన్ రీచార్జిలో జీబీ అనే మాట వింటారు కదా. గాదె కొలత కూడా జీబీయే. హెచ్‌డీ బొమ్మ గంటకు సుమారు 3 జీబీ పడుతుంది అనుకోండి. 300 జీబీ గాదెలో 100 గంటలు దాచవచ్చు. ఎస్‌డీ అయితే ఇంకా ఎక్కువ పడుతుంది. గాదె నిండితే కొత్తది ఎక్కదు. కొన్ని పెట్టెలు పాతవాటిని వాటంతట అవే చెరిపేస్తాయి. చూసినవి డిలీట్ చేయండి. అంటే చెరిపేయండి. కావలసినవి చెరిగిపోకుండా గుర్తు పెట్టే వీలుంటే పెట్టుకోండి.

రికార్డు జరిగే సమయానికి కరెంటు ఉండాలి. ప్లగ్గు దగ్గర స్విచ్చి వేసి ఉండాలి. రిమోట్‌తో టీవీ ఆపినా ఫరవాలేదు. గోడ స్విచ్చి ఆపితే రికార్డు జరగదు. రికార్డు జరుగుతుండగా ప్లగ్గు లాగితే డిస్క్ పాడు కావచ్చు.

పెట్టె రోజంతా వేసి ఉంటే కరెంటు బిల్లు సంగతి కూడా చూసుకోవాలి. పెట్టె 10 వాట్లు తీసుకుంటుంది అనుకోండి. 24 గంటలకు 240. నెలకు, అంటే 30 రోజులకు 7,200. వెయ్యి అయితే ఒక యూనిట్. కాబట్టి నెలకు 7 యూనిట్లకు కొంచెం పైన.

దాచుకున్నది ఎవరిది?

ఇప్పుడు సంఘం గొడవ దగ్గరికి వద్దాం.

ఆ రాత్రి లీడరు పెట్టె కొన్న కాగితం తెచ్చింది. కాగితం కింద ఆమె సంతకం ఉంది. రాత్రి బడిలో నేర్చుకున్న సంతకం. కాగితం వెనక సన్నని అక్షరాలు ఉన్నాయి. తెలుగులోనే ఉన్నాయి. ఒకామె దీపం దగ్గరికి జరిగింది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది.

"చం-దా ఆగితే రి-కార్డు చేసినవి క-నిపించవు."

అందరూ గమ్మున ఉండిపోయారు.

"రాసే ఉంది గదమ్మా" అంది లీడరు. "సంతకం పెట్టాను. చదవలేదు."

ఇదే అసలు సంగతి. చాలా పెట్టెల్లో రికార్డు చేసినదానికి కూడా తాళం ఉంటుంది. ఆ తాళం ఆ పెట్టెకే తెలుసు. డబ్బు ఆగితే తాళం తీయదు. డిస్క్ తీసి వేరే పెట్టెలో పెట్టినా రాదు. పెన్ డ్రైవ్ వేరే టీవీలో పెట్టినా చాలాసార్లు రాదు. పెట్టె చెడిపోతే దాచినవి కూడా పోవచ్చు. గాదె మనదే. కానీ తాళం చెవి కంపెనీ దగ్గర ఉంది.

అంగడాయన నోటితో చెప్పినది ఒకటి. కాగితంలో ఉన్నది ఒకటి. తగువు వస్తే కాగితమే నిలబడుతుంది.

నెల బిల్లు చదవండి

2019 నుంచి మన దేశంలో ఒక నియమం ఉంది. ప్రతి చానల్ ధర విడిగా చెప్పాలి. కావలసిన చానళ్ళు మాత్రమే తీసుకోవచ్చు. కట్టగా ఇచ్చినవన్నీ తీసుకోవాలని ఎవరూ బలవంతం చేయకూడదు. బిల్లులో చానళ్ళ ధర ఉంటుంది. నెట్‌వర్క్ ఫీజు ఉంటుంది. వాటి మీద 100కు 18 రూపాయల జీఎస్‌టీ ఉంటుంది. 200 రూపాయలు అయితే పన్ను 36. మొత్తం 236. మీరే కూడి చూసుకోండి.

నెల నెలా డబ్బు కట్టలేని వాళ్ళకు ఇంకో దారి ఉంది. అది దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. డిష్, పెట్టె ఒకసారి కొనుక్కుంటే చాలు. నెల చందా లేదు. అందులో యాదగిరి, సప్తగిరి చానళ్ళు వస్తాయి. వేరే చానళ్ళు కూడా వస్తాయి. కానీ డబ్బు కట్టే చానళ్ళు అందులో రావు.

కొనే ముందు అడగండి

1. పెట్టె నాదేనా? అద్దెకు ఇస్తున్నారా?

2. డిస్క్ లోపలే ఉందా? పెన్ డ్రైవ్ నేను కొనాలా?

3. ట్యూనర్లు ఎన్ని?

4. రికార్డు చేయడానికి విడిగా నెల డబ్బు ఉందా?

5. చందా ఆగితే దాచినవి కనిపిస్తాయా?

6. చెడిపోతే ఎన్నాళ్ళ వరకు ఊరికే బాగుచేస్తారు?

జవాబులు కాగితం మీద రాయించుకోండి. రసీదు తీసుకోండి. తేడా వస్తే ముందు కంపెనీకి ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. అక్కడ పని కాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

సంఘం ఏం చేసింది?

మరునాడు బాకీ కట్టారు. దాచుకున్న 20 భాగాలు మళ్ళీ వచ్చాయి. కానీ ఈసారి వాళ్ళు ఊరికే చూడలేదు. రోజుకు ఒక భాగం చూశారు. మధ్యమధ్య పాజ్ నొక్కారు. గేదెకు దాణా ఎంత వేయాలి? దూడకు జున్నుపాలు ఎప్పుడు తాగించాలి? టీకాలు ఎప్పుడు వేయించాలి? ఒకామె చెప్పింది. ఒకామె నోటు పుస్తకంలో రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. అయినా అందరికీ అర్థమయ్యాయి.

20 భాగాలు అయ్యేసరికి పుస్తకం సగం నిండింది. లీడరు దాన్ని పద్దుల పుస్తకం పక్కన పెట్టింది.

"దీనికి నెల చందా లేదు" అంది. "దీనికి ఎవరూ తాళం వేయలేరు."

మాటలు, అర్థాలు

డిష్: అలల్ని ఒకచోటికి చేర్చే గొడుగు.

ఎల్ఎన్‌బీ: డిష్ ముందు కడ్డీ చివర ఉండే భాగం.

ట్యూనర్: చానల్‌ను ఏరే భాగం.

హార్డ్ డిస్క్: బొమ్మలు దాచే గాదె.

షెడ్యూల్: దాచవలసినదాన్ని ముందే గుర్తు పెట్టడం.

చందా: నెల నెలా కట్టే డబ్బు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

మీ ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది?

మీ టీవీకి నెలకు ఎంత కడుతున్నారు? అందులో మీరు చూడని చానళ్ళు ఎన్ని?

మీరు సంతకం పెట్టిన కాగితాలు ఇంట్లో ఏమేమి ఉన్నాయి? ఈ రోజు ఒకటి తీసి చదవండి.